పద్నాలుగో తారీఖు సాయంత్రం

ఆగస్టు 15 ఇప్పటికీ వస్తోంది. వెనకటికంటే ఘనంగానే వస్తోంది. డాబాల మీద, మోటారు సైకిళ్ళ మీద, కార్ల అద్దాల వెనక, ఎటు చూసినా జెండాలే. అది చూసి సంతోషించేవాళ్ళలో నేనూ ఉన్నాను. అయితే ఆ పండగకు ముందు రోజంటూ ఒకటి ఉండేది. 14వ తారీఖు మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలై, రాత్రి లాంతరు ఒత్తి తగ్గించేదాకా సాగేది. జెండాలూ తోరణాలూ కొనుక్కునే వీలులేని ఊళ్ళలో ఇంటిల్లిపాదీ పెరట్లో కూర్చుని వాటిని చేతుల్తో తయారుచేసుకున్న పూట అది. 15వ తారీఖు మిగిలింది. 14 వెళ్ళిపోయింది. ఆ వెళ్ళిపోయిన రోజు గురించే చెప్పాలని కూర్చున్నాను.

మా అమ్మమ్మగారి ఊరు కృష్ణా జిల్లాలో, కూచిపూడి మొవ్వ చుట్టుపక్కల పల్లెల్లో ఒకటి. నేను చెప్పేది 1970ల నాటి మాట. వీధివైపు చిన్న పెంకుటిల్లు, వెనక మాత్రం పెద్ద దొడ్డి. గిలక నుయ్యి, రెండు మామిడి చెట్లు, గొడ్ల సావిడి, గడ్డివాము, కంచె పొడుగునా గన్నేరు, మందారం, నందివర్ధనం చెట్లు. పొద్దున్నే పిల్లలందరూ ప్రభాతభేరిలో ఊరంతా తిరిగి, బడి దగ్గర జెండా వందనం చేసుకునేవారు. అది ముగిశాక, పది గంటల వేళకు, ఆ వీధిలోని ఇళ్ళవాళ్ళందరూ తాతయ్య పెరట్లో చేరేవారు. 1947లో ఆ రోజున వీధంతా అక్కడే పోగై జెండా ఎగరేసుకున్నారట. అప్పుడు పాతిన చోటే ప్రతి ఏడూ కర్ర పాతుతూ వచ్చారు.

ఆ రోజుల్లో మామూలు మనుషులు తమ ఇంటి మీద జెండా ఎప్పుడు పడితే అప్పుడు ఎగరేసుకోవడానికి లేదు. స్వాతంత్ర్య దినం, గణతంత్ర దినం, గాంధీ జయంతి లాంటి కొన్ని రోజులకే ఆ వీలు. ఏడాదంతా తమ ఇళ్ళ మీద ఎగరేసుకునే స్వేచ్ఛ జనానికి 2002 జనవరి 26 నుంచి, కొత్త జెండా నియమావళితో వచ్చింది. అందుకేనేమో, ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే పెట్టెలోంచి బయటికి వచ్చే ఆ ఖద్దరు జెండా అంటే మా ఇంట్లో దేవుడి పట్టుబట్టకున్నంత మడి ఉండేది.

పని జిగురుతో మొదలయ్యేది. కుంపటి మీద చిన్న సత్తు గిన్నె పెట్టి, మైదా పిండిని ముందు చన్నీళ్ళలో ఉండలు కట్టకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉండాలి. తెల్లటి పిండి నీళ్ళు కాస్తా చిక్కబడి, అద్దంలా తేటపడ్డప్పుడు దించాలి. చల్లారాక బొద్దింకలు కొరక్కుండా అమ్మమ్మ అందులో చిటికెడు మైలుతుత్తం పొడి కలిపేది. అది విషం కాబట్టి ఆ పని పిల్లల చేతికి ఇచ్చేది కాదు, ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడేదీ కాదు. మైదా దొరకని ఏడు చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రోట్లో దంచి, ఆ పిండిని ఉడికించేది. చింతగింజల జిగురు పట్టు ముందు మైదా జిగురు ఎందుకూ పనికిరాదని ఆవిడ నమ్మకం. నిజమే. వానకు తడిసి రంగు కారిపోయిన కాగితాలు కూడా చింతగింజల జిగురుతో అంటించిన చోట మాత్రం ఊడేవి కావు.

ఆ తర్వాత కాగితాలు. బందరు వెళ్ళినవాళ్ళు పుస్తకాల కొట్టు నుంచి గాలిపటాల కాగితం తెచ్చేవారు. ఆకుపచ్చ దొరికేది, తెలుపు దొరికేది. కాషాయం మాత్రం ఎప్పుడూ దొరకదు. ఉంటే నిమ్మపండు పసుపు, లేకపోతే మందార ఎరుపు. అందుకని కాషాయం ఇంట్లోనే చేసేవాళ్ళం. తెల్ల ఠావు తీసుకుని పసుపు నీళ్ళు పూసి, తడి ఆరకముందే సున్నపు తేట చుక్కచుక్కగా తగిలిస్తే, పసుపు మెల్లిగా ఎరుపెక్కుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే అందులో పనితనం. ఒక చుక్క తక్కువైతే నిమ్మకాయ, ఒక చుక్క ఎక్కువైతే పారాణి. ఆ రెండింటి మధ్య ఒక క్షణం అసలైన కాషాయం కనిపిస్తుంది. అప్పుడు ఆపాలి. మా చిన్నపిన్ని చేతికి ఆ సంగతి తెలుసు. ఆవిడ ఉన్నంతకాలం మరొకరు ఆ పని ముట్టుకోలేదు.

ఆకుపచ్చ కాగితం సరిపోకపోతే చిక్కుడాకు పసరు పిండి పూసేవాళ్ళం. ఆరేసరికి కాస్త నల్లబడేది కాబట్టి రెండో పూత తప్పనిసరి. ఈ ఇంటి రంగులకు ఎండ పడదు. పసుపు ఎండకు ఇట్టే వెలిసిపోతుంది. పొద్దున కాషాయంగా ఉన్నది సాయంత్రానికి చామంతి రంగుకు దిగేది. అందుకని పూసిన ఠావుల్ని ఎండలో కాకుండా సావిట్లో నులకతాడు మీద ఆరబెట్టేవాళ్ళం. గొడ్ల కొమ్ములకు అందకుండా తాడు ఎత్తుగా కట్టడం మావయ్యల పని.

జెండా కొలతల దగ్గర తాతయ్య రాజీపడేవాడు కాదు. పొడవు మూడు వంతులైతే వెడల్పు రెండు వంతులు. పిల్లల చేతి జెండాకు తొమ్మిది అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు, ఒక్కో పట్టీ రెండు అంగుళాలు. దీనికి ఆయన ఒక చెక్కబద్ద చేయించి పెట్టాడు. దాని మీద గాట్లు ఉండేవి, అంకెలు ఉండేవి కావు. అక్షరం రాని పిల్లవాడు కూడా ఆ గాట్ల ప్రకారం కత్తిరిస్తే జెండా సరైన కొలతకే వచ్చేది. తెల్లపట్టీ కోసం వేరే కాగితం అంటించక్కర్లేదు. తెల్ల ఠావు మీదే పైన కాషాయం పట్టీ, కింద ఆకుపచ్చ పట్టీ అంటిస్తే మధ్యలో తెలుపు దానంతట అదే మిగులుతుంది. వెనకవైపు కూడా అంతే. కర్రకోసం కొబ్బరాకు గీరిన ఈనెలు ఉండనే ఉన్నాయి. రెండేసి ఈనెలు జత చేసి దారంతో చుడితే వంగకుండా నిలబడేవి.

ఇక చక్రం. ఆ సాయంత్రం మొత్తంలో అసలైన చదువు అదే. రూపాయి బిళ్ళ పెట్టి చుట్టూ గీత గీస్తే వృత్తం వచ్చేది. లోపల 24 ఆకులు పడాలి. పెద్ద జెండాకైతే మావయ్య వృత్తలేఖిని తీసి చూపించేవాడు. ఏ కొలతతో వృత్తం గీశామో ఆ కొలతనే మార్చకుండా అంచు మీద అడుగులు వేసుకుంటూ పోతే సరిగ్గా ఆరు అడుగుల్లో మొదలుపెట్టిన చోటికి వచ్చేస్తుంది. ఆరింటి మధ్య మళ్ళీ సగాలు చేస్తే పన్నెండు, వాటి మధ్య సగాలు చేస్తే ఇరవైనాలుగు. చిన్న జెండాలకు అంత తతంగం కుదరదు కాబట్టి గోడ గడియారాన్ని తలుచుకోమనేవాడు. పన్నెండు గంటల దగ్గర పన్నెండు గీతలు, ఒక్కో అరగంట దగ్గర ఒక్కొక్కటి, మొత్తం ఇరవైనాలుగు. రేఖాగణితం పుస్తకంలో ఆ పాఠం ఎదురయ్యేనాటికే మా వేళ్ళకు అది వచ్చేసింది. సిరా బ్రిల్ సీసాలోది, కలం చెక్కిన వెదురు పుల్ల.

పూర్తయిన జెండాలన్నీ తాతయ్య ముందు చాప మీద పరచాలి. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కో చక్రంలో ఆకులు లెక్కపెట్టేవాడు. ఒకటి తక్కువైతే తిట్టేవాడు కాదు. "ఇదిగో అమ్మడూ, ఈ బండికి ఒక ఆకు ఊడింది, చూడు" అని తిరిగి ఇచ్చేవాడు. మళ్ళీ మొదటి నుంచి గీయాల్సిందే.

అలా లెక్కపెడుతూనే కబుర్లు చెప్పేవాడు. మా ఊరికి సైకిలు మీద పోయి వచ్చేంత దూరంలోనే ఉంది భట్లపెనుమర్రు. పింగళి వెంకయ్యగారు 1876లో పుట్టింది అక్కడే. బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన ఆయన్ని పత్తి వంగడాల మీద పరిశోధనకు పత్తి వెంకయ్య అని, జపాను భాష నేర్చినందుకు జపాన్ వెంకయ్య అని, జెండా గురించి పట్టుపట్టినందుకు జెండా వెంకయ్య అని జనం పిలుచుకునేవారు. దేశదేశాల జెండాలు చూసి, మనకూ ఒకటి కావాలని 1916లోనే పుస్తకం అచ్చువేశాడాయన. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశాలు జరుగుతున్నప్పుడు, రాట్నం ఉన్న జెండా ఒకటి గీసి ఇమ్మని గాంధీజీ అడిగితే, మూడు గంటల్లో తయారుచేసి తెచ్చాడు. ఈ మూడు గంటల సంగతి గాంధీజీయే యంగ్ ఇండియాలో రాశారు. అయినా అది సభ ముందు పెట్టే వేళకు అందలేదు. ఆలస్యం కావడమే మేలైందనీ, ఎరుపు ఆకుపచ్చలతో పాటు తెలుపు కూడా ఉండాలన్న ఆలోచన తనకు ఆ తర్వాతే తట్టిందనీ గాంధీజీయే చెప్పుకున్నారు. ఎరుపు స్థానంలో కాషాయం వచ్చింది 1931లో. రాట్నం స్థానంలో అశోకచక్రం వచ్చి, రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జూలై 22న.

ఈ కథ చెప్పాక తాతయ్య మా చేతుల వంక చూసి, "ఆ మొదటిదీ ఇలాగే తయారైంది, ఎవరో కూర్చుని, కత్తిరించి, రంగు వేసి" అనేవాడు. ఆ మాట వినగానే మా కత్తెరలు ఇంకాస్త జాగ్రత్తగా కదిలేవి. మేము చేస్తున్నది బడిపిల్లల ఆట కాదని, ఎక్కడో మొదలైన పని ఒకటి మా చాప దాకా వచ్చిందని అనిపించేది.

ఇంకో కథ చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారేది. 1930లో, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, బందరు కోనేరు సెంటరులో జెండా నిలబెట్టబోయిన తోట నరసయ్యనాయుడు కథ అది. ఆయన మల్లయోధుడు. పోలీసులు లాఠీలతో ఎంత కొట్టినా, స్పృహ తప్పేదాకా చేతిలోని జెండా వదల్లేదు. కుర్రవాడిగా ఆ రోజుల్ని చూసినవాడు కాబట్టి తాతయ్య ఆ సంగతి చెప్పి కాసేపు ఊరుకునేవాడు. మేమూ ఊరుకునేవాళ్ళం.

మా పెద్దత్తయ్యది వరంగల్. ఆవిడ చెప్పే జెండా కథ వేరు. మా వైపు వాళ్ళు 1947 ఆగస్టు 15న పెరట్లో జెండా ఎగరేసుకుంటున్న పూటే, నిజాం రాజ్యంలో జెండా పట్టుకోవడం నేరం. ఆ రోజునే జెండా ఎగరేసినందుకు స్వామి రామానంద తీర్థను హైదరాబాదులో అరెస్టు చేశారు. అంతకు ఏడాది ముందు, 1946 ఆగస్టు 11న, వరంగల్ కోటలో జెండా ఎగరేసిన రోజు రజాకార్లు బత్తిని మొగిలయ్యను చంపేశారు. అత్తయ్య వాళ్ళమ్మ మూడు గుడ్డముక్కలు కలిపి కుట్టిన జెండాను వడ్ల గుమ్మిలో దాచిందట. 1948 సెప్టెంబరు 17 తర్వాత గానీ దాన్ని బయటికి తీయలేదు. "మాకు పదమూడు నెలలు ఆలస్యమైంది బిడ్డా, అందుకే మేం గట్టిగ పట్టుకుంటం" అనేది. మేము జిగురు అన్నదాన్ని ఆవిడ లై అనేది. ఏ పిల్లవాడైనా ఈనె జారవిడిస్తే "జెండ కింద పడనియ్యకు నాయనా" అని తానే వంగి అందుకునేది. పడకముందే అందుకునే ఆ చేతులు నాకు ఇప్పటికీ కళ్ళకు కడతాయి.

తోరణాల విషయంలో ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మూడు రంగుల జెండాను తోరణంగా కట్టకూడదు, గుడ్డగా కప్పకూడదు, అలంకారానికి వాడకూడదు. నియమావళిలో ఉన్న సంగతే అది. కాబట్టి తోరణాలకు ఒక్కో కాగితానికి ఒక్కో రంగు. మూడు మూలల ముక్కలు, చేపతోక ముక్కలు, మడతపెట్టి కత్తెరతో చిల్లులు తీసిన జాలీ ముక్కలు. వాటిని పురికొస మీద మడిచి అంటించి, ఒక చివర సావిడి దూలానికి, ఇంకో చివర మామిడి కొమ్మకు కట్టేవాళ్ళం. మిగిలిన సన్నపట్టీలతో ఉంగరాలు చుట్టి ఒకదానిలో ఒకటి దూర్చి గొలుసులు అల్లడం పసిపిల్లల వంతు. వాటి మధ్య మధ్య మామిడాకులు. వాన వస్తే కాగితం పోయినా ఆకులుంటాయని అమ్మమ్మ ముందుచూపు. ఆగస్టులో మా వైపు ఆ ముందుచూపు వృథా పోయిన ఏడు తక్కువ.

కర్ర సరుగుడు వాసం. సముద్రం వైపు నుంచి బళ్ళ మీద వచ్చేది. దాని కొసకు గిలక కావాలి కదా. నూతి గిలక పెద్దది, పనికిరాదు. దర్జీ దగ్గర అడిగి తెచ్చిన కొయ్య దారపు రీలును మేకుకు గుచ్చి కొసన బిగించేవారు. దానికి కాస్త ఆముదం రాస్తే తాడు కిర్రుమనకుండా జారేది. ఇప్పుడు కొయ్య రీళ్ళు లేవు, ప్లాస్టిక్ రీళ్ళు వచ్చాయి. ఆ కొయ్య రీలు నున్నటి అంచు మీద వేలు తిప్పిన వాళ్ళకే దాని విలువ తెలుస్తుంది.

రాత్రి భోజనాల తర్వాత చివరి పని జెండా మడత. ముందు పొడవుగా, తర్వాత అడ్డంగా మడిచి, మధ్యలో పూరేకులు పెట్టి, తాడుతో జారుముడి వేయాలి. పూరేకులు లోపల పెట్టడం నియమావళి ఒప్పుకునేదే. రెక్క మందారాలూ నందివర్ధనాలూ ఎర్ర గన్నేరులూ సాయంత్రమే కోసి తడిగుడ్డలో చుట్టి ఉంచేవాళ్ళం. ముడి గట్టిగా ఉంటే అందరి ఎదుటా విడివడదు. వదులుగా ఉంటే పైకి పోతూనే దారిలో రేకులు రాలిపోతాయి. ఒక కొస లాగితే పట్టి ఉండి, ఇంకో కొస లాగితే ఒక్కసారిగా విడిపోవాలి. లాంతరు వెలుగులో మావయ్యలు ఆ ముడిని వేసి విప్పి, వేసి విప్పి, చూసుకునేవారు. అమ్మమ్మ అప్పటికే కర్ర చుట్టూ పేడతో అలికి, ముగ్గుతో భారతదేశం పటం గీసి పెట్టేది. సిలోను కూడా పక్కన చిన్న చుక్కలా ఉండాల్సిందే. సరిహద్దులకు తెల్ల ముగ్గు, లోపల ఇటుక పొడి, దక్షిణాన సముద్రానికి నీలిమందు కలిపిన ముగ్గు.

పొద్దున వచ్చేవాళ్ళంతా వీధి గుమ్మంలోంచి కాకుండా దొడ్డి తలుపులోంచి వచ్చేవారు. ఆ కాలంలో వీధి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చు, ఎవరు కూర్చోకూడదు అన్న కట్టుబాట్లు మా ఇంట్లోనూ ఉండేవి. అవి తప్పు. ఆ రోజు పెరట్లో మాత్రం అందరికీ ఒకే తాటాకు చాపలు, ఒకే విస్తళ్ళు, ఒకే పులిహోర. తాడు లాగే మనిషిని కూడా తాతయ్య ఏటా మార్చేవాడు. ఒక ఏడు పాలు పోసే ఆవిడ, ఒక ఏడు ఉత్తరాలు తెచ్చే ఆయన, ఒక ఏడు ఊళ్ళో సగంమందికి పురుడు పోసిన మంత్రసాని అవ్వ. ఆ అవ్వ తాడు లాగినప్పుడు పూరేకులు ఆవిడ నెరిసిన జుట్టు మీదే పడ్డాయి. ఆవిడ వాటిని దులుపుకోలేదు, అలాగే ఇంటికి వెళ్ళింది. ఏడాదిలో ఒక్కరోజు తలుపు తెరిస్తే చాలదని ఇప్పుడు నాకు తెలుసు. ఆ ఒక్కరోజు తెరుచుకున్నందువల్లే, మిగతా రోజుల్లో ఎందుకు మూసి ఉంటోందని మా తరం పిల్లలు అడగడం మొదలుపెట్టారనీ తెలుసు.

జనగణమన అయ్యాక ప్రతిజ్ఞ చెప్పించేవారు. దాన్ని రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారిది నల్లగొండ జిల్లా అన్నెపర్తి అని, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ 1962లో తెలుగులో రాశారని మాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు. అప్పుడే తెలిసుంటే పెద్దత్తయ్య ఎంత పొంగిపోయేదో. ఆ తర్వాత పిల్లలకు నారింజ తొనలు, బూందీ పొట్లాలు, వేయించిన శనగలు. పెద్దవాళ్ళు మధ్యాహ్నం దాకా మామిడి చెట్ల కింద కూర్చునేవారు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టేసింది. మా ఊళ్ళోకి సముద్రం రాలేదు గానీ ఆ గాలికి పెరట్లో మామిడి చెట్లు రెండూ కూలిపోయాయి. మరుసటి ఆగస్టుకు తోరణం కట్టడానికి కొమ్మ లేదు. బంధువుల్లో రానివాళ్ళు కొందరు, ఇక రాలేనివాళ్ళు కొందరు. ఆ ఏడు చేయొద్దన్నారు చాలామంది. అమ్మమ్మ ఒప్పుకోలేదు. వెదురు బొంగులు నాలుగు పాతించి, వేపమండలు కట్టించి, పిల్లల్ని పిలిచి చాప వేసింది. కాగితాలు కత్తిరిస్తూ ఆడవాళ్ళు ఏడ్చారు, పోయినవాళ్ళ గురించి చెప్పుకున్నారు, మళ్ళీ కత్తిరించారు. దుఃఖంలో ఉన్న మనుషులకు చేతికి పని ఇవ్వడం ఎంత పెద్ద ఓదార్పో ఆ 14వ తారీఖున చూశాను.

పొద్దు గుంకకముందే జెండా దించేవారు. దించాక పండగ అయిపోయిందనుకోవడానికి లేదు. పిల్లలందరూ దొడ్డి నుంచి వీధి చివరిదాకా వెతికి, పడిపోయిన చేతి జెండాల్ని ఏరుకురావాలి. బాగున్నవి వేపాకు మధ్య పెట్టి ట్రంకుపెట్టెలోకి. చిరిగినవి, తడిసినవి తాతయ్య ఒక్కడే సావిడి వెనక్కి తీసుకెళ్ళి, ఎవరూ చూడకుండా, గౌరవంగా కాల్చేసేవాడు. తోరణాల కాగితాలది ఇంకో దారి. వాటిని తొట్టిలో నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బి, ఆ గుజ్జును బోర్లించిన కుండ మీద మెత్తి, ఎండబెట్టి అమ్మమ్మ తట్టలు చేసేది. మెంతుల చేదుకు పురుగు పట్టేది కాదు. మా పండగ అలా ఏడాది పొడుగునా ఎండుమిరపకాయలూ చింతపండూ మోస్తూ వంటింట్లో ఉండేది.

ఇదంతా ఎప్పుడు పోయిందని ఒక తేదీ చెప్పలేను. తాతయ్య పోయాడు. మావయ్యలు ఒకరు బెజవాడ, ఒకరు హైదరాబాదు చేరారు. పెరడు పంపకాల్లో రెండుగా చీలి, మధ్యలో గోడ లేచింది. అచ్చువేసిన కాగితపు జెండాలు కట్టలుకట్టలుగా దుకాణాల్లోకి వచ్చాయి. వాటి వెనకే ప్లాస్టిక్‌వి. పొద్దున్నే ఎర్రకోట నుంచి టీవీలో అన్నీ కనిపిస్తుంటే దొడ్డిలోకి వచ్చే తీరిక ఎవరికి? ఎవరూ కావాలని మానెయ్యలేదు. ఒక ఏడు జిగురు ఉడికించేవాళ్ళు లేరు, మరో ఏడు కత్తిరించేవాళ్ళు రాలేదు, అంతే.

పోయినదాంట్లో నన్ను ఎక్కువ బాధించేది రంగుకాగితాలు కావు. 16వ తారీఖు ఉదయం మురిక్కాలవల పక్కన కనిపించే జెండాలు. వాటి వల్లే ప్లాస్టిక్ జెండాలను 2022 జూలై 1 నుంచి నిషేధించిన వస్తువుల జాబితాలో చేర్చాల్సి వచ్చింది. మిల్లు గుడ్డతో, పాలిస్టరుతో జెండాలు చేయడానికి 2021 డిసెంబరు చివర్లో అనుమతి వచ్చింది. ఇంటింటికీ జెండా అందడానికి అది సాయపడింది, కాదనను. అందడం తేలికైన కొద్దీ పారేయడమూ తేలికవుతుంది. ఆ రెండో సగాన్ని ఏ చట్టమూ పూర్తిగా ఆపలేదు. మా రోజుల్లో దాన్ని ఆపింది ముందు రోజు సాయంత్రం. పసుపులో సున్నపు చుక్క ఎక్కడ ఆపాలో చూస్తూ కూర్చున్నవాళ్ళకి, ఇరవైమూడో ఆకు దగ్గర తప్పి మళ్ళీ మొదలుపెట్టిన వాళ్ళకి, ఆ కాగితంలో తమ పూట ఒకటి ఉంది. దాన్ని నేలపాలు చేయొద్దని ఎవరూ చెప్పనక్కర్లేదు.

పెద్దత్తయ్య గట్టిగా పట్టుకోవడానికి ఉన్న కారణం మా పిల్లలకు లేదు. ఉండకూడదు కూడా. అలాంటి రోజులు మళ్ళీ రాకూడదనే కదా అంతమంది దెబ్బలు తిన్నది. అయితే పట్టుకోవడానికి వాళ్ళకంటూ ఇంకో కారణం మనం ఇవ్వాలి. చేత్తో చేసిన వస్తువంత తేలికైన, నిజమైన కారణం నాకు మరొకటి తెలియదు.

అందుకే తెలిసిన పద్ధతులన్నీ దాచుకోకుండా ఇక్కడ రాశాను. పెరడు లేకపోతే డాబా ఉంది, అపార్టుమెంటు కింద సెల్లారు ఉంది. కుంపటి లేకపోతే గ్యాసు పొయ్యి ఉంది. మైలుతుత్తం అక్కర్లేదు, ఒక్కరోజు జిగురుకు మైదా ఒక్కటే చాలు. పసుపూ సున్నమూ తమలపాకుల కొట్లో ఇప్పటికీ దొరుకుతాయి. ఒక తెల్ల ఠావు, ఒక రూపాయి బిళ్ళ, ఒక నీలం కలం. 14వ తారీఖు సాయంత్రం పక్కింటి పిల్లల్ని, పని మనిషి పిల్లల్ని, వాచ్‌మన్ పిల్లల్ని అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టండి. గుడ్డ జెండా కొనుక్కోండి, తప్పులేదు. ఆకులు మాత్రం పిల్లల చేత గీయించండి, గీశాక ఒక్కోటీ లెక్కపెట్టండి. ఇరవైనాలుగూ తన చేత్తో గీసిన పిల్ల ఆ కాగితాన్ని కింద పడేయదు. మా దొడ్లో ఏటా చూసిన సంగతే ఇది.